రెండు వరుసల ఖాళీ

మా నాన్న చేతిరాత గురించి ముందుగా చెప్పాలి. మా ఇంటిని నిలబెట్టింది అదే, ఆ వేసవిలో ముంచిందీ అదే.

నాన్న ముప్పై నాలుగేళ్లు పోలీసు స్టేషనులో రైటరుగా చేశారు. లాఠీ పట్టింది తక్కువ, పెన్ను పట్టింది ఎక్కువ. స్టేషనులో రోజంతా ఏం జరిగిందో గంటల వారీగా రాసే డైరీ ఒకటుంటుంది. డ్యూటీకి ఎవరొచ్చారు, బయటికి ఎవరెళ్లారు, ఎవర్ని పట్టుకొచ్చారు, ఎవర్ని వదిలేశారు, అన్నీ అందులో ఎక్కాలి. కోర్టులో ఆ పుస్తకానికున్న విలువ మనిషి మాటకి ఉండదు. నాన్న రాసిన పేజీలు అచ్చుగుద్దినట్టు ఉండేవి. కొత్తగా వచ్చిన అధికారులు తిరగేసి చూసి "ఇది చెయ్యా, మిషనా?" అనేవారట. ఆ సంగతి నాన్న మాకు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు.

ఆయనకి ఒక అలవాటుండేది. అధికారి బయటికి బయలుదేరితే ఆ సమయం రాసి, దాని కింద రెండు వరుసలు ఖాళీగా వదిలేవారు. అక్కడ ఏం జరిగిందో అధికారి తిరిగొచ్చి చెబితే అప్పుడు రాయడానికి. నిజానికి అలా వదలకూడదు. "రూలు రూలే, సారు సారే" అనేవారు నాన్న. కొందరు ఆ పూటే చెప్పేవారు, కొందరు బాగా ఆలోచించుకుని వారం తర్వాత చెప్పేవారు. ఎప్పుడు చెప్పినా సిరా రంగు కూడా తేడా రాకుండా నాన్న ఇరికించేవారు.

మా ఊరి బట్టల మిల్లులో సమ్మె జరిగిన రోజు పేజీలో మాత్రం ఆ రెండు వరుసలూ ఖాళీగానే ఉండిపోయాయి.

ఆ రోజు ఇన్‌స్పెక్టరు గారు ఆరుగురు కానిస్టేబుళ్లని తీసుకుని మిల్లు గేటు దగ్గరికి వెళ్లారు. ఆరుగురిలో మా అన్నయ్య ఒకడు. రాళ్లు పడ్డాయి. ఇన్‌స్పెక్టరు గారు అన్నయ్య భుజం మీద చెయ్యేసి "కాల్చు" అన్నారు. అన్నయ్య కాల్చాడు. మగ్గాల మీద పనిచేసే ఒకతను గేటు ముందే పడి చనిపోయాడు. సాయంత్రం అన్నయ్య ఇంటికొచ్చి, బెల్టు కూడా విప్పకుండా వంటింటి గడప మీద కూర్చుని ఇదంతా మాకు చెప్పాడు. ఇన్‌స్పెక్టరు గారేమో స్టేషనుకి తిరిగొచ్చి, టోపీ తీసి నాన్న బల్ల మీద పెట్టి, "ఆ రెండు లైన్లూ అలాగే ఉంచు రైటరూ" అన్నారు.

మర్నాడు ఆయన రాజీనామా చేశారు. కాల్చమని పైనుంచి ఒత్తిడి వచ్చిందనీ, కార్మికుల మీద తుపాకీ ఎత్తడానికి తన మనసొప్పలేదనీ, తన మాట కాదని ఎవరో కాల్చేశారనీ పేపర్లవాళ్లకి చెప్పారు. కాల్చిందెవరో పేరు బయటపెట్టకుండా అన్నయ్యని సస్పెండ్ చేశారు, ఆయన వీరుడయ్యారు.

మరి మీరెందుకు నోరు మూసుకున్నారని ఎవరైనా అడగొచ్చు. ఆ వారంలోనే ఆయన మా ఇంటికొచ్చి, మా అమ్మ ముందు నిలబడి మాటిచ్చారు. "నేను రాజకీయాల్లోకి వెళ్తున్నా చెల్లెమ్మా. గెలిస్తే మీవాడి ఉద్యోగం వాడికి తిరిగి ఇప్పించే పూచీ నాది. అంతవరకూ ఎవరూ నోరు మెదపకండి." మేం నమ్మాం. ఖాకీ ఇంట్లో పుట్టినవాళ్లకి పెద్ద అధికారి మాట నమ్మడం వేరే నేర్పక్కర్లేదు.

*

ఎండాకాలం మొదట్లో ఎన్నికలొచ్చాయి. మన ప్రాంతం మన పాలన అంటూ కొత్తగా పుట్టిన పార్టీ ఒకటి ఆయనకి టికెట్టిచ్చింది. నాన్న అప్పటికి రెండు నెలల క్రితమే రిటైరయ్యారు. ఇంట్లో కూర్చోలేక అమ్మ సరుకుల చీటీలన్నీ గుండ్రటి అక్షరాలతో తిరగరాస్తున్నారు. ఎన్నికల ఆఫీసు చూసుకోమని పిలుపు రాగానే, ఉతికిన చొక్కా వేసుకుని పెళ్లికొడుకులా బయలుదేరారు.

అక్కడ కూడా ఆయన డైరీ మొదలుపెట్టారు. ఒకరోజు భోజనం క్యారియరు ఇవ్వడానికి వెళ్లి చూశాను. "ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషములకు అభ్యర్థి గారు సిబ్బంది పదకొండు మందితో కలిసి మిల్లు వెనుక వీధులకు ఓట్ల నిమిత్తం బయలుదేరిరి." దాని కింద రెండు వరుసలు ఖాళీ. నాకు నవ్వాగలేదు.

అభ్యర్థి గారికి ఓటడగడం కూడా విచారణే. తలుపు దబదబా బాదేవారు. మొదటి వారం ఆయన ముందు తలుపు కొడితే జనం వెనక తలుపునుంచి జారుకున్నారు. దొరికినవాళ్లని "పేరు? వయసు? ఎన్నాళ్లనుంచి ఉంటున్నావ్ ఇక్కడ?" అని అడిగేవారు. వాళ్లు చేతులు కట్టుకుని జవాబు చెప్పి, తమ మీద కేసేమీ లేదని చెప్పుకునేవారు. నాన్నే ఆయన్ని పక్కకి తీసుకెళ్లి, "సార్, ముందు నమస్కారం పెట్టాలి సార్. తర్వాతే పేరు" అని నేర్పారు. అభ్యర్థి గారు యూనిఫాం వేసుకోకూడదు కాబట్టి అదే రంగు గుడ్డతో నాలుగు చొక్కాలు కుట్టించుకున్నారు. కరపత్రంలో ఆ చొక్కా రంగు ఇంకాస్త ముదురు చెయ్యమని మాకు కబురొచ్చింది.

మాకు అంటే ప్రెస్సుకి. నేను ప్రింటింగ్ ప్రెస్సులో కంప్యూటరు మీద కంపోజింగ్ చేసేదాన్ని. వాళ్లు రాసి పంపిన శీర్షిక "చట్టాన్నీ ధర్మాన్నీ కాపాడిన నిప్పులాంటి నాయకుడు" అని ఉంది. పేజీలో పట్టదు, మనసులో అసలే పట్టదు. దాన్ని కొట్టేసి నేను "కాల్చనన్న చెయ్యి" అని పెట్టాను. ఆయనకి తెగ నచ్చింది. గోడల మీదా, ఆటోల వెనకా, జెండాల మీదా అదే. ఆ వేసవంతా ఊరు నా మూడు మాటలే జపం చేసిందని మురిసిపోయాను. మూడు కాదు, రెండే. మురిపెంలో లెక్క కూడా తప్పాను. అబద్ధమని తెలిసే రాశాను, ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

ప్రూఫు చూడడానికి ఇంటికి తెచ్చాను, తప్పులు పట్టడంలో అన్నయ్యది డేగకన్ను. సస్పెన్షనులో ఉన్నా అన్నయ్య ప్రతి ఆదివారం తన యూనిఫాం ఇస్త్రీ చేసి తగిలించేవాడు. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి ప్రూఫు మొత్తం చదివాడు.

"శీర్షిక ఎవరు పెట్టారు?"

"నేనే."

"బాగుంది బుజ్జీ. అచ్చుతప్పు ఒక్కటి కూడా లేదు" అని నా చేతిలో పెట్టి, మళ్లీ చొక్కా చేతులు ఇస్త్రీ చేసుకున్నాడు.

*

చనిపోయినతని భార్య లేకపోతే అంతా సాఫీగా జరిగిపోయేదేమో. ఆవిడ తప్పేం లేదు, ఈ కథలో తప్పులేనిది ఆవిడొక్కతే. మిల్లు మైదానంలో పెద్ద సభ పెట్టి ఆవిడని వేదిక ఎక్కించారు. అభ్యర్థి గారు వంగి ఆవిడకి దండం పెట్టారు, ఫొటోలు తీశారు. తర్వాత ఆవిడ ముందు మైకు పెట్టారు, రెండు మంచిమాటలు చెబుతుందని.

"ఈయన కాల్చనన్నారు. మంచిదే" అంది ఆవిడ. "మరి కాల్చినవాడెవడో చెప్పండి. వాడి మొహం నేను చూడాలి."

అంతే అని దిగిపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. 

మర్నాటినుంచి ఎదుటి పార్టీవాళ్లు ప్రతి సందులోనూ అదే ప్రశ్న అందుకున్నారు. ఈయన కాల్చనంటే ఎవరు కాల్చారు, ఎవరు కాల్చమన్నారు? కాల్పుల మీద వేసిన విచారణ కమిషన్ ఒకటి అంతవరకూ గుర్రుపెట్టి నిద్రపోతోంది. ఆ గోలకి దానిక్కూడా మెలకువ వచ్చింది. రిటైరైన జడ్జి ఒకాయన దానికి పెద్ద. సమ్మెరోజు స్టేషను డైరీ తీసుకురావాలని స్టేషనుకి, రాసినవాడు హాజరవ్వాలని నాన్నకి నోటీసులొచ్చాయి.

ఆ మధ్యాహ్నమే అభ్యర్థి గారు మా ఇంటికొచ్చారు, మందీ మార్బలం లేకుండా. అమ్మ టీ ఇచ్చింది. ఆయన తాగలేదు.

"ఆ రెండు లైన్లూ రాసెయ్యాలి రైటరూ" అన్నారు. "పెద్దగా ఏం వద్దు. 'అధికారి వారి ఆదేశం లేకుండానే, ఫలానా నంబరు కానిస్టేబులు బెదిరి ఒక రౌండు కాల్చినాడు.' అంతే. బెదిరి అనేది ముఖ్యం. కావాలని చేసినట్టు ఉండదు, శిక్ష ఉండదు. రేపు గెలిచాక ఫైలు వచ్చేది నా బల్ల మీదకేగా!"

"ఫలానా నంబరంటే మా అబ్బాయేగా అండీ" అంది అమ్మ.

"నంబరే చెల్లెమ్మా. పేరు కాదు."

"ఆ నంబరుకి అన్నం పెట్టేదాన్ని నేనే కదండీ, నాకు తెలీదా?"

నాన్న అమ్మకేసి గుడ్లురిమారు. ముప్పై ఏళ్లలో పెద్ద అధికారి ముందు మా ఇంట్లో ఎవరూ అంత గొంతు లేపలేదు. అప్పుడు అన్నయ్య లోపలి గదిలోంచి వచ్చాడు. పాత అలవాటు కొద్దీ అటెన్షన్‌లో నిలబడబోయి, ఆగి, గోడకి ఆనుకున్నాడు.

"కాల్చింది నేనే నాన్నా. రాయండి, సంతకం కూడా పెడతా. ఆవిడ మొహం చూడాలంటోంది కదా, చూపిస్తా. కానీ కాల్చమన్నదెవరో కూడా రాయండి. ఖాళీ ఒక లైను కాదు కదా, రెండున్నాయి. ఒకటి నాకు, ఒకటి ఈయనకి."

"ఒరేయ్, నేను ఓడిపోతే నీ ఉద్యోగం సంగతి ఎవడు చూస్తాడ్రా?" అన్నారు అభ్యర్థి గారు. కోపంగా కాదు, నిజంగానే జాలిపడుతున్నట్టు అన్నారు. తర్వాత నాన్న చెయ్యి పట్టుకున్నారు. "ఇన్నేళ్లలో నీ రాతకి నేనెప్పుడైనా మచ్చ రానిచ్చానా?"

నాన్న లేదన్నట్టు తలూపారు. అభ్యర్థి గారు వెళ్లిపోయాక చల్లారిన టీ ఒలకబోస్తూ అమ్మ అంది, "ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య. దాటాక చూస్తారుగా." నాన్న వినిపించుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం నన్ను స్కూటరు తియ్యమన్నారు. ప్రెస్సులో భోజనం విరామం చూసుకుని స్టేషనుకి తీసుకెళ్లాను. కొత్త ఇన్‌స్పెక్టరు మా అభ్యర్థి గారి చేతికింద తయారైనవాడే. మమ్మల్ని రికార్డు గదిలో కూర్చోబెట్టి, డైరీ తెచ్చి ఇచ్చి, "పై ఆఫీసులకి వెళ్లిన కాపీల సంగతి నేను చూసుకుంటా బాబాయ్" అని తలుపు దగ్గరగా వేసి వెళ్లాడు. నాన్న కళ్లద్దాలు తుడుచుకున్నారు. నీలినలుపు సిరా ఉన్న పాత పెన్ను జేబులోంచి తీసి, చిత్తుకాగితం మీద గీసి చూసుకున్నారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆయన ఏం రాస్తారో నాకు నిజంగా తెలీదు. అన్నయ్య మాట ఆయన చెవిలో పడిందనే ఆశపడ్డాను.

చిన్న అక్షరాలతో రాస్తే అభ్యర్థి గారు చెప్పిన వాక్యం ఒక్క వరుసలో సరిపోయేది. నాన్న ఎప్పుడూ చిన్న అక్షరాలే రాసేవారు. ఆ రోజు కాస్త పెద్దవి చేసి, మాటకీ మాటకీ మధ్య ఎడం పెంచి, రెండో వరుస చివరిదాకా లాక్కొచ్చారు. ఇంక అందులో ఏమీ పట్టదు. ఆరేదాకా ఊది, పుస్తకం మూసి, "పద, నీకు పని ఉంటుంది" అన్నారు.

*

కమిషన్ ముందు నాన్న చెప్పింది రెండు ముక్కలే. ఈ రాత మీదేనా అంటే నాదే అన్నారు. ఎప్పుడు రాశారంటే, "జరిగిన రోజునే, అధికారి వారు తిరిగి వచ్చిన వెంటనే" అన్నారు. ఎంతోమంది సాక్షులకి ఆయనే నేర్పిన జవాబు అది, తడుముకోలేదు. మర్నాటికల్లా అన్నయ్య పేరూ ఫొటో పేపర్లలో పడ్డాయి. బెదిరి అన్న మాట ఒక్క పేపరు కూడా వెయ్యలేదు. కూరగాయల కొట్లో అమ్మ సంచీ పట్టుకుని నిలబడితే ముందు పక్కవాళ్లకి తూచి ఇచ్చేవారు. అన్నయ్య నాన్నతో మాట్లాడడం మానేశాడు. కంచం తీసుకుని లోపలి గదిలోకి వెళ్లిపోయేవాడు.

కాల్చనన్న చెయ్యి గెలిచింది. మామూలుగా కాదు, ఎదుటివాడికి డిపాజిట్టు కూడా రాలేదు. పార్టీ అధికారంలోకి వచ్చింది, ఇంకొకరికైతే పదేళ్లు పట్టే హోం శాఖ మా అభ్యర్థి గారికి పది రోజుల్లో దక్కింది. ఫైలు నిజంగానే ఆయన బల్ల మీదకి వచ్చింది. నాన్న ఆ రోజు అన్నయ్య గది తలుపు దగ్గర నిలబడి, "ఇంక నాలుగు రోజులు ఓపిక పట్టరా" అన్నారు.

నాలుగో రోజు మంత్రిగారు మిల్లు గేటు దగ్గర సభ పెట్టారు. ముందు వరసలో చనిపోయినతని భార్య. "మీ ఓటుకి నేను రుణపడ్డాను," అన్నారాయన, "ఈ గేటు ముందు నెత్తురు చిందించినవాడు నా దగ్గర పనిచేసినవాడే అయినా సరే, వదిలే ప్రసక్తే లేదు." మైదానం దద్దరిల్లింది. ఆ సాయంత్రమే అన్నయ్యని అరెస్టు చేశారు. వచ్చినవాళ్లు అన్నయ్య బ్యాచి వాళ్లే. బూట్లు బయట విప్పి లోపలికొచ్చారు. అన్నయ్య భోజనం చేస్తున్నాడని గుమ్మం దగ్గర తలలొంచుకుని నిలబడ్డారు. వాళ్ల మీద నాకు కోపం రాలేదు, కాస్త మానవత్వం మా ఇంటి గుమ్మం తొక్కిన ఆఖరిసారి అదే.

మంత్రిగారి బంగళాకి నాన్నతో నేనే వెళ్లాను. మూడు గంటలు కూర్చోబెట్టారు. లోపలికి పిలిచినప్పుడు నాన్న సెల్యూట్ కొట్టారు. రిటైరైన మనిషి, టోపీ లేని తల! నేను కిటికీ వైపు చూశాను.

"కూర్చో రైటరూ" అన్నారు మంత్రిగారు. "నువ్వెందుకొచ్చావో నాకు తెలుసు. నీకిచ్చిన మాట నీ ఇంట్లో ఇచ్చాను. వాళ్లకిచ్చిన మాట మైకులో ఇచ్చాను. రెండూ నిలబెట్టుకోలేను. ఏది నిలబెట్టుకోవాలో నువ్వే చెప్పు."

నాన్న కూర్చోలేదు. ఆలోచించనూ లేదు.

"మైకులోదే సార్" అన్నారు.

నాకు ఆయన్ని అక్కడే పట్టుకుని కుదిపెయ్యాలనిపించింది. ఇంటికి తిరిగొస్తూ స్కూటరు వెనక కూర్చుని, "సార్ చిక్కిపోయారు, నిద్రలేనట్టుంది" అన్నారు.  మన ఇంటి పెద్దమనిషిని అసహ్యించుకోవడం ఎంత కష్టమో ఆ దారి పొడుగునా తెలిసింది.

*

జైల్లోంచి అన్నయ్య కమిషన్‌కి ఒక అర్జీ పంపాడు. తనకి ఆదేశం ఇచ్చిందెవరో రాశాడు. డైరీలో ఆ రెండు వరుసలూ నెలల తర్వాత రాసినవని రాశాడు. రాస్తుండగా చూసిన సాక్షి ఉందనీ, అది తన చెల్లెలేననీ రాశాడు. ఆ సంగతి అన్నయ్యకి చెప్పింది నేనే. రికార్డు గదినుంచి వచ్చిన సాయంత్రం కడుపులో దాచుకోలేక చెప్పాను.

వేసవి చివర, తొలకరికి ముందు నాకు పిలుపొచ్చింది. నేను చూసింది చూసినట్టు చెబితే అన్నయ్య మాట నిలబడుతుంది, మంత్రిగారి కుర్చీ ఊడుతుంది, కాల్చమన్నవాడి పేరు కూడా చనిపోయినతని భార్యకి తెలుస్తుంది. దాంతోపాటే దొంగ రికార్డు రాసి, కమిషన్ ముందు అబద్ధం చెప్పినందుకు నాన్న జైలుకెళతారు. అరవై ఏళ్ల మనిషి, నెల తిరక్కుండా పోతారని నాకు తెలుసు. అన్నయ్యకి ముప్పై. ఎన్నేళ్ల శిక్ష పడినా బయటికొస్తాడు. ఇలా లెక్కలు వేసుకున్నానని చెప్పడానికి కూడా నోరు రావడం లేదు, కానీ వేసుకున్నాను.

బయలుదేరుతుంటే అమ్మ గుమ్మం దాకా వచ్చింది. "ఏం చెబుతావో నాకు చెప్పకు" అని లోపలికెళ్లిపోయింది. నాన్న కమిషన్ హాలు దాకా తోడొచ్చి, బయట బల్ల మీద కూర్చున్నారు, నా సంచీ ఒళ్లో పెట్టుకుని. ఫలానా విధంగా చెప్పమని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి ఉంటే బహుశా కాదనేదాన్ని.

హాల్లో పాత ఫ్యాను ఒకటి తిరుగుతోంది. చనిపోయినతని భార్య ముందు బల్ల మీద కూర్చుని ఉంది. అన్నయ్యని తీసుకొచ్చి ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య నిలబెట్టారు. బాగా తగ్గాడు. నన్ను చూసి చిన్నగా నవ్వాడు, నేనొచ్చేశాక ఇంక ఫరవాలేదన్నట్టు.

జడ్జిగారు పెద్దాయన, మెత్తటి మనిషి. మంచినీళ్లు తాగమన్నారు. తొందరేం లేదు, నెమ్మదిగా గుర్తు తెచ్చుకుని చెప్పమన్నారు. డైరీ పేజీ నా ముందు తెరిచి, ఇది రాస్తున్నప్పుడు మీరు అక్కడ ఉన్నారా అని అడిగారు.

"లేదండీ. ఆ మధ్యాహ్నం నేను ప్రెస్సులో ఉన్నాను."

ఆయన ఏ మధ్యాహ్నమో చెప్పలేదు. ఆ సంగతి నాకు మాట జారాక తట్టింది. ఆయనకీ తట్టింది. కళ్లజోడు తీసి నాకేసి చూశారు. తలుపు తెరిచి ఉంది, బయట బల్ల మీద నాన్న కాళ్లు కనిపిస్తున్నాయి.

"అయితే మీ అన్నయ్య అబద్ధం చెబుతున్నట్టేనా అమ్మా?" అన్నారు.

అన్నయ్య ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. వాడికి సరిగ్గా వినిపించినట్టు లేదు.

"అవునండీ" అన్నాను, ఈసారి వాడికి కూడా వినిపించేలా.